ఏ లారీ చవక?

నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర, రోడ్డుకు దూరంగా ఏ చెట్టునీడనో ఒక అరగంట నిలబడితే చాలు, లోకంలో ఉన్న లారీలన్నీ మన ముందు నుంచే పోతున్నట్టు ఉంటుంది. అద్దంకికీ నార్కట్‌పల్లికీ నడుమనున్న నాలుగు వరుసల రహదారి అది. పిడుగురాళ్ల సున్నం బస్తాలు, సిమెంటు, పత్తి బోరేలు, ధాన్యం, మిర్చి టిక్కీలు, ఒకటేమిటి, మన పల్నాడు పండించేదీ తవ్వేదీ అంతా లారీ ఎక్కవలసిందే.

ఈసారి చూసినప్పుడు ఆ లారీల ముఖాలు గమనించండి. ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటిది పాత పద్ధతి లారీ. దాని ముఖం గోడలాగా నిటారుగా ఉంటుంది. నెత్తిన కిరీటం పెట్టుకున్నట్టు ఒక క్యారియర్ ఉంటుంది. అందులో పట్టాలు, మోకులు, వంట సామాను. రంగురంగుల పువ్వులు, అద్దం పైన దేవుడి పేరు, బంపరుకు నిమ్మకాయలు. చూడ ముచ్చటగా ఉంటుంది. దీన్ని మనం "పెట్టె లారీ" అందాం.

రెండోదాని మూలలు గుండ్రంగా ఉంటాయి. అద్దం కొంచెం వెనక్కు వాలి ఉంటుంది. క్యాబిన్ నెత్తిమీద ఒక వంపు రేకు ఉండి, ఎదురు గాలిని సరుకు పైకి మళ్లిస్తుంది. వెనక సరుకు మూసిన పెట్టెలో ఉంటుంది, పట్టా టపటపలాడదు. దీన్ని "నున్న లారీ" అందాం.

మా ఊళ్లో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను ఇట్లా అడిగింది: "మాస్టారూ! మా బాబాయి లారీ కొంటానంటున్నాడు. నున్న లారీ అయితే డీజిలు మిగులుతుందట, కాని ధర ఎక్కువట. నాయనమ్మ పేరనున్న ఎకరం తాకట్టు పెట్టాలి. నాయనమ్మ వద్దంటున్నది. ఇద్దరిలో ఎవరి మాట సరైనది?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఎకరం పొలం పోతుందా, నిలుస్తుందా అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మనకు కాస్త గాలి సంగతీ, కాస్త వడ్డీ లెక్కా తెలియాలి. రెండూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

సగం లారీ కొనే రోజులు

ముందు పెట్టె లారీ ఎట్లా పుట్టిందో చెబుతాను. 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూరులో లారీలు తయారు చెయ్యటం మొదలుపెట్టారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యేవి. ఆనాటి లారీలు చాలావాటికి ఇంజను ముందుకు పొడుచుకుని, ముక్కులాగా ఉండేది. పోనుపోను ఆ ముక్కు పోయింది. ఎందువల్ల? లారీ మొత్తం పొడుగు ఇంతకు మించరాదని చట్టం ఉన్నది. ముక్కు పొడుగైతే సరుకు పెట్టే తొట్టి పొట్టి అవుతుంది. అందుచేత డ్రైవరును ఇంజను మీదికి జరిపి, ముక్కు తీసేశారు.

ఆ రోజుల్లో లారీ కొనడమంటే సగం లారీ కొనడమే. కంపెనీవారు చట్రం, ఇంజను, చక్రాలు, ముందు ముఖం మాత్రం ఇచ్చేవారు. దాన్ని ఛాసీ అంటారు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండావానా లెక్కచెయ్యక, గది లేని ఆ బండిని వందల మైళ్లు నడుపుకుంటూ తెచ్చేవాడు. తరువాత దాన్ని విజయవాడ ఆటోనగర్ వంటి చోట షెడ్డుకు తోలి, వడ్రంగుల చేత, వెల్డింగువారి చేత, రంగులు వేసేవారి చేత క్యాబిన్, తొట్టి కట్టించేవారు. చెక్క, ఇనుప రేకు, మేకులు. నిటారు గోడలు కట్టడం సులువు, చవక. అందుకే మన లారీ పెట్టె ఆకారంలో పుట్టింది.

ఇప్పుడు క్యాబిన్ కూడా కంపెనీలోనే తయారై వస్తున్నది. టాటావారి ప్రైమా 2009లోనూ, చెన్నై దగ్గర ఒరగడంలో తయారయ్యే భారత్‌బెంజ్ లారీలు 2012లోనూ వచ్చాయి. అచ్చులో పోతపోసినట్టు గుండ్రని మూలలు తియ్యటం యంత్రాలకు కష్టం కాదు.

గాలి వసూలు చేసే సుంకం

గాలి కంటికి కనపడదు గనక అది ఏమీ లేనిదని అనుకుంటాం. కాని ఒక ఘనపు మీటరు గాలి ఒక కిలోకు పైగా బరువు తూగుతుంది. లారీ ముఖం సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, సరుకుతో కలిపి మూడున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే సుమారు 9 చదరపు మీటర్ల గోడ. ఆ గోడ ఒక కిలోమీటరు ముందుకు పోవాలంటే 9,000 ఘనపు మీటర్ల గాలిని పక్కకు నెట్టాలి. పది టన్నుల గాలి! లారీ ప్రతి కిలోమీటరుకూ ఇంత గాలిని పక్కకు తోసి దారి చేసుకుంటున్నది. ఆ తోపుడుకు కావలసిన శక్తి డీజిలు నుంచే రావాలి. టోలుగేటు దగ్గర కట్టే సుంకానికి రసీదు ఉన్నది. గాలికి కట్టే సుంకానికి రసీదు లేదు, అంతే తేడా.

ఈ సుంకంలో ఒక చిత్రం ఉన్నది. వేగం రెట్టింపు అయితే గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. ఎందువల్ల? వేగం రెట్టింపు అయితే సెకనుకు ఎదురయ్యే గాలి రెట్టింపు అవుతుంది. ఆ ఎదురైన గాలిని రెట్టింపు వేగంతో పక్కకు నెట్టాలి. రెండు రెళ్లు నాలుగు. వేగం మూడు రెట్లయితే అడ్డు తొమ్మిది రెట్లు. దీన్నే వేగపు వర్గాన్ని బట్టి పెరగడం అంటారు.

చక్రాల సంగతి అట్లా కాదు. బరువు వల్ల టైరు నలిగి, రోడ్డుమీద దొర్లేటప్పుడు కలిగే అడ్డు, 40 కిలోమీటర్ల వేగంలోనూ 80 కిలోమీటర్ల వేగంలోనూ ఇంచుమించు ఒకటే. అది బరువును అడుగుతుంది, వేగాన్ని అడగదు. గాలి వేగాన్ని అడుగుతుంది, బరువును అడగదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకుంటే మన లెక్క సగం అయినట్టే.

చేసి చూడండి

ఆకారం వల్ల నిజంగా తేడా ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని ఇది చెయ్యండి. బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగించండి. దాని ముందు ఒక గుండ్రని గాజు సీసా నిలబెట్టండి. సీసాకు ఇవతల నుంచి, కొవ్వొత్తి ఎత్తుకు నోరు పెట్టి గట్టిగా ఊదండి. సీసా అడ్డం ఉన్నా కొవ్వొత్తి ఆరిపోతుంది!

ఇప్పుడు సీసా తీసి, అంతే వెడల్పున్న అట్టపెట్టె నిలబెట్టి ఊదండి. కొవ్వొత్తి ఆరదు. పైగా మంట పెట్టె వైపుకు వాలుతుంది.

కారణం ఇది. గాలి సీసా గుండ్రని ఒంటిని అంటిపెట్టుకుని చుట్టూ తిరిగి, వెనక మళ్లీ కలుసుకుంటుంది. పెట్టె మూల దగ్గర మాత్రం అంత పదునైన మలుపు తిరగలేక విడిపోతుంది. అందువల్ల పెట్టె వెనక గాలి పలచబడి, సుడులు తిరిగి, వెనక్కు గుంజుతుంది. లారీకీ ఇదే అవస్థ. ముందు గాలి నెడుతుంది, వెనక సుడి లాగుతుంది. కృష్ణలో చేప ఆకారం చూడండి: ముందు గుండ్రం, వెనక సన్నం. నీటిలో బతకవలసినదానికి ఆ ఆకారం అమరింది.

సైకిలు తొక్కిన ఇంజనీరు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మొహావీ ఎడారిలో నాసావారి విమాన పరిశోధన కేంద్రం ఉన్నది. అందులో పనిచేసే ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ అనే ఇంజనీరు 1973లో ఆ ఎడారి రోడ్డుమీద సైకిలు తొక్కుతూ ఒక సంగతి గమనించాడు. పక్క నుంచి పెద్ద లారీ దాటేటప్పుడు మొదట గాలి అతన్ని బయటకు నెట్టేది. లారీ దాటిపోయిన వెంటనే రోడ్డువైపుకు లాగేది. మన రోడ్ల మీద సైకిలు తొక్కేవారందరికీ ఇది అనుభవమే. మనం భయపడి ఊరుకుంటాం. అతడు ఆలోచించాడు: "లారీ ఇంత గాలిని కదిలిస్తున్నదంటే ఎంత నూనె వృథా చేస్తున్నదో!"

అతడూ, తోటివారూ ఒక వ్యానుకు చుట్టూ రేకులు కొట్టి, పదునైన మూలలతో చెప్పుల డబ్బాలాగా తయారుచేశారు. దాన్ని వేగంగా తోలి, గేరు తీసి వదిలేసి, ఎంత త్వరగా నెమ్మదిస్తున్నదో కొలిచారు. తరువాత మూలలు గుండ్రంగా చేసి మళ్లీ కొలిచారు. గాలి అడ్డు సగానికి పైగా తగ్గింది! లోపల పోయిన చోటు మాత్రం చాలా కొద్ది. విమానాలకోసం నేర్చిన విద్య ఆ విధంగా లారీకి వచ్చింది.

అమెరికాలో సరుకు లాగే లారీలకు ఇప్పటికీ ముక్కు ఉంటుంది. అక్కడ లాగే బండి వేరు, సరుకు మోసే ట్రెయిలరు వేరు. 1982లో వచ్చిన చట్టంతో పెద్ద రహదారుల మీద ట్రెయిలరు పొడుగునే కొలవసాగారు గనక, ముక్కు ఎంత పొడుగైనా నష్టం లేకపోయింది. కెన్‌వర్త్ కంపెనీవారు 1961 నుంచి డబ్ల్యు900 అనే లారీ అమ్మేవారు. పొడుగాటి చదరపు ముక్కు, తళతళలాడే పొగగొట్టాలు, ఠీవి అయిన లారీ. అదే కంపెనీ 1985లో టి600 అనే లారీ తెచ్చింది. దాని ముక్కు ముందుకు వాలి, నున్నగా ఉన్నది. అది చూసి డ్రైవర్లు నవ్వి "చీమలు తినే జంతువు" అని పేరు పెట్టారు. కాని పాతదానికంటే డీజిలు నూటికి 20 పాళ్లకు మించి మిగులుతుందని కంపెనీ చెప్పింది. నవ్వినవాళ్ల పద్దుపుస్తకాలు నవ్వలేదు. తరువాత తరువాత తక్కిన కంపెనీలు కూడా నున్న ముక్కు బాట పట్టాయి.

అయినా పాత చదరపు ముక్కు లారీ అంటే ప్రాణం పెట్టే యజమానులు అక్కడ ఇంకా ఉన్నారు. దాన్ని పాతబడ్డాక అమ్మినా మంచి ధర వస్తుందని వారి వాదం. ఆ వాదంలోనూ నిజం ఉన్నది. ఖర్చు లెక్క వేసేటప్పుడు చివర చేతికి వచ్చే సొమ్మును కూడా తీసివెయ్యాలి గదా!

రెండు లారీల పద్దు

ఇక మన ఊరి లెక్కకు వద్దాం. పలక, బలపం తీసుకోండి. లెక్క సులువుగా ఉండటానికి గుండ్రని అంకెలు వేసుకుందాం. ఇవి ఏ కంపెనీ ధరలూ కావు. నిజం లారీ కొనేటప్పుడు మీరు నిజం అంకెలు వేసుకోవచ్చు. పద్ధతి మాత్రం ఇదే.

నిండు బరువుతో ఉన్న పది చక్రాల పెట్టె లారీ 100 కిలోమీటర్లు పోవటానికి చక్రాల అడ్డుకు 12 లీటర్ల డీజిలు అవుతుందనుకోండి. 40 వేగంలో గాలి సుంకం 4 లీటర్లు. వేగం 80 అయితే నాలుగింతలు, 16 లీటర్లు. కాబట్టి,

40 వేగంలో: 12, 4 కలిపి 16 లీటర్లు.
80 వేగంలో: 12, 16 కలిపి 28 లీటర్లు.

నున్న లారీకి గాలి సుంకం నాలుగో వంతు తగ్గుతుందనుకోండి. అప్పుడు,

40 వేగంలో: 12, 3 కలిపి 15 లీటర్లు. మిగులు 1 లీటరు.
80 వేగంలో: 12, 12 కలిపి 24 లీటర్లు. మిగులు 4 లీటర్లు.

చూశారా! అదే లారీ, అదే ఆకారం. నెమ్మదిగా పోతే ఒక లీటరు మిగిల్చింది. వేగంగా పోతే నాలుగు లీటర్లు మిగిల్చింది.

ఇప్పుడు డబ్బు సంగతి. నున్న లారీ ధర 6 లక్షలు ఎక్కువ అనుకుందాం. ఆ 6 లక్షలు అప్పు తెస్తే నూటికి ఏడాదికి 10 రూపాయల చొప్పున వడ్డీ 60,000 రూపాయలు. సొంత డబ్బు పెట్టినా ఆ వడ్డీ లెక్కలోకి రావలసిందే. ఆ డబ్బు మరోచోట ఉంటే వడ్డీ తెచ్చేది గదా! డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుందాం. టోలు, పర్మిటు, టైర్లు, డ్రైవరు జీతం రెండు లారీలకూ ఒకటే అని వదిలేద్దాం.

మొదటి యజమాని లారీ పిడుగురాళ్ల నుంచి చుట్టుపక్కల ఊళ్లకు సున్నం, సిమెంటు తోలుతుంది. సందులు, స్పీడు బ్రేకర్లు, ఎద్దుబండ్లు, గేదెలు. వేగం 40 దాటదు. ఏడాదికి 30,000 కిలోమీటర్లు. నూరు కిలోమీటర్లకు 1 లీటరు చొప్పున మిగిలేది 300 లీటర్లు, అంటే 30,000 రూపాయలు. వడ్డీ 60,000. ఏటా 30,000 నష్టం! 6 లక్షల అసలు ఎన్నటికీ తీరదు. ఇతనికి పెట్టె లారీయే చవక.

రెండో యజమాని లారీ గుంటూరు నుంచి మిర్చి ఎత్తుకుని ఉత్తరదేశం పోతుంది. ఏడాదికి 1,00,000 కిలోమీటర్లు. అందులో సగం పెద్ద రహదారి మీద 80 వేగంలో, సగం ఊళ్లలో, ఘాట్లలో 40 వేగంలో. మొదటి సగంలో మిగులు 2,000 లీటర్లు, రెండో సగంలో 500 లీటర్లు. మొత్తం 2,500 లీటర్లు, అంటే 2,50,000 రూపాయలు. వడ్డీ 60,000 పోగా 1,90,000. ఆ లెక్కన 6 లక్షలు మూడేళ్ల రెండు నెలల్లో తిరిగి వస్తుంది. ఆపైన లారీ నడిచినన్నాళ్లూ ఏటా రెండున్నర లక్షలు మిగులే. ఇతనికి ధర ఎక్కువైన లారీయే చవక.

మరి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికిందా? బాబాయి మాటా సరైనదే, నాయనమ్మ మాటా సరైనదే. తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: "ఆ లారీ ఏ దారిన, ఎంత వేగంతో, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?" కిరాయి ఖాయమైన దూరపు దారి దొరికితే ఎకరం తాకట్టు పెట్టవచ్చు. ఊరి చుట్టూ తిరిగే పనికైతే ఎకరాన్ని కదిలించనక్కరలేదు. ఆ మాటే రాసి ఇచ్చాను. వాళ్లింట్లో అందరూ ముందు కిరాయి దారి సంగతి తేల్చుకుందామని కూర్చున్నారు.

ఇంకొక మాట. మరమ్మతు కూడా పద్దులో వెయ్యాలి. పెట్టె లారీకి తలుపు చెక్క ఊడితే మన ఊరి వడ్రంగి సాయంత్రానికి బిగించి ఇస్తాడు. నున్న లారీ ముందు భాగం పగిలితే అదే కంపెనీ సామాను పట్నం నుంచి రావాలి. సామాను ఖరీదు ఒకటి, వచ్చేదాకా లారీ నిలిచిపోయిన రోజుల కిరాయి ఒకటి. నిలబడ్డ లారీ డీజిలు తాగదు గాని వడ్డీ తాగుతూనే ఉంటుంది.

డబ్బు పెట్టకుండా దొరికే లాభం

ఇప్పుడు అసలు తమాషా చూడండి. పెట్టె లారీనే 80 వేగంలో కాక 60 వేగంలో తోలితే ఏమవుతుంది? 40 నుంచి 60 అంటే ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నరను ఒకటిన్నరతో హెచ్చవేస్తే రెండుంపావు. 4 లీటర్లకు రెండుంపావు రెట్లు 9 లీటర్లు. చక్రాలకు 12 కలిపితే 21 లీటర్లు. 80 వేగంలో 28 అయ్యేవి గదా! 7 లీటర్లు మిగిలాయి.

అంటే 60 వేగంలో పోయే పాత పెట్టె లారీ, 80 వేగంలో పోయే కొత్త నున్న లారీ కంటే తక్కువ తాగుతున్నది! 21 ఎక్కడ, 24 ఎక్కడ? ఆరు లక్షలు పెట్టి కొన్న వంపులు చేసిన పనికంటే, డ్రైవరు కాలు కాస్త పైకెత్తటం ఎక్కువ పని చేసింది.

కాని ఇక్కడా తక్కెడకు రెండో పళ్లెం ఉన్నది. 100 కిలోమీటర్లు 80 వేగంలో 75 నిమిషాలు. 60 వేగంలో 100 నిమిషాలు. 25 నిమిషాలు ఆలస్యం. సిమెంటు అయితే తొందరపడదు. చేపలూ, టమాటాలూ అయితే ఆగవు. ఏ సరుకుకు ఏ వేగమో తెలిసినవాడే మంచి లారీ యజమాని. మన దేశంలో 2018 నియమాల ప్రకారం సరుకు లారీలు పెద్ద రహదారుల మీద సైతం 80 వేగం దాటరాదు. అది ప్రాణాలకూ మంచిది, పద్దుకూ మంచిది.

పైసా ఖర్చులేని ఉపాయాలు మరికొన్ని ఉన్నాయి. పట్టా వదులుగా ఉండి టపటపలాడితే అది ప్రతి దెబ్బకూ డీజిలు తాగుతున్నట్టే. మోకు బిగించి కట్టాలి. నెత్తిమీది క్యారియర్‌లో అక్కరలేని సామాను మోసుకు తిరగరాదు. టైర్లలో గాలి సరిగా పెట్టాలి. మెత్తబడ్డ టైరు ఎక్కువ నలిగి ఎక్కువ అడ్డు పెడుతుంది. బయటి గాలి అడ్డు తగ్గాలి, లోపలి గాలి నిండుగా ఉండాలి!

అన్నిటికంటె ముఖ్యం, ఖాళీగా తిరిగి రాకపోవటం. గాలి బరువును అడగదని చెప్పుకున్నాం గదా? సరుకు దించిన లారీకి చక్రాల అడ్డు బాగా తగ్గుతుంది గాని గాలి సుంకం తప్పదు. ఖాళీ తొట్టిలో గాలి దూరి సుడులు తిరిగి ఇంకా వెనక్కు లాగుతుంది. అందుకే తెలివైన యజమాని తిరుగు కిరాయి మాట్లాడుకున్నాకనే లారీ కదిలిస్తాడు.

పద్దులో పడని ఖర్చు

లెక్క ఎంత బాగా వేసినా పద్దుపుస్తకంలో పట్టని సంగతి ఒకటి ఉన్నది. లారీలో కూర్చునేది మనిషి. చెక్క క్యాబిన్ తయారీకి చవక గాని, ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే డ్రైవరుకూ క్లీనరుకూ అది ఏమాత్రం అడ్డు నిలవదు. మే నెలలో మన పల్నాటి ఎండలో, కింద ఇంజను వేడి, పైన రేకు వేడి మధ్య పది గంటలు కూర్చున్నవాడికి కునుకు రాకుండా ఎట్లా ఉంటుంది? కంపెనీలో ఉక్కుతో చేసిన క్యాబిన్ ఇంతకంటే గట్టిది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్దరకం లారీలన్నిటికీ డ్రైవరు గదిలో ఏసీ ఉండి తీరాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. "ఏసీకి డీజిలు అవుతుంది గదా?" అని ఎవరైనా అంటే, అవుతుంది. ఆ కొద్ది డీజిలుకు బదులుగా ఒక మనిషి మెలకువగా ఉంటాడు. రోడ్డు పక్కన నడిచే మీరూ నేనూ క్షేమంగా ఉంటాం.

కాబట్టి ఊరి చుట్టూ తిరిగే లారీకి వంపు రేకులు లేకపోయినా ఫరవాలేదు గాని, గట్టి క్యాబిన్ లేకపోతే ఫరవా ఉన్నది. ఆకారానికి లెక్క వెయ్యండి. ప్రాణానికి లెక్క వెయ్యకండి.

పిల్లలూ! ఈ నెల పాఠం లారీతోనే ఆగదు. ఏ వస్తువుకైనా రెండు ధరలు ఉంటాయి. కొన్ననాడు ఇచ్చేది ఒకటి, వాడినన్నాళ్లూ ఇచ్చేది ఒకటి. మొదటిది దుకాణంవాడు చెబుతాడు. రెండోది మనమే కట్టుకోవాలి. మీ ఇంట్లో పొలం మోటారు ఉన్నదా? దీపాలు ఉన్నాయా? మోటారు సైకిలు ఉన్నదా? నాన్నగారినీ అమ్మనూ అడిగి, ఏదైనా ఒకదానికి కొన్న ధర ఎంత, ఏడాదికి అయ్యే ఖర్చు ఎంత అన్న పద్దు రాసి చూడండి. చాలాసార్లు రెండో అంకె మొదటిదాన్ని మింగేస్తుంది.

మీకు రెండు లెక్కలు

1. మిర్చి తోలే రెండో యజమాని నున్న లారీకి, పెట్టె లారీకంటే ఏటా 40,000 రూపాయలు మరమ్మతు ఎక్కువ అయితే, అతని 6 లక్షలు ఎన్నేళ్లకు తిరిగి వస్తాయి?

2. నున్న లారీ ఎప్పుడూ 40 వేగంలోనే నడిస్తే, వడ్డీ 60,000 మాత్రం గిట్టుబాటు కావటానికి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరగాలి? ఎప్పుడూ 80 వేగంలోనే నడిస్తే ఎన్ని?

సొంతంగా చేశాకనే కింద చూడండి!

జవాబులు: 1. మిగులు 1,50,000 గనక సరిగా 4 ఏళ్లు. 2. 40 వేగంలో కిలోమీటరుకు 1 రూపాయి మిగులు, కాబట్టి 60,000 కిలోమీటర్లు. 80 వేగంలో కిలోమీటరుకు 4 రూపాయలు మిగులు, కాబట్టి 15,000 కిలోమీటర్లు.